నూనెలో చూసిన ముఖం

మా నాయిన మా అక్క ముఖాన్ని మొదటిసారి చూసింది నూనెలో.

అక్క పుట్టింది మూల నక్షత్రం మొదటి పాదంలో. మొదటి పాదమైతే తండ్రికి గండమన్నారు. ఆడపిల్ల పుట్టిందని తెలిసినా నాయిన ఆ అర్ర గడప తొక్కలేదు. చంద్రుడు చుట్టు తిరిగి మళ్లీ మూల నక్షత్రంలోకి వచ్చేదాకా, అంటే 27 రోజులు, గోడ ఇవతల కూర్చుని పసిదాని ఏడుపు వినడమే ఆయన వంతయింది. ఆ రోజు పంతులు వచ్చి శాంతి చేయించాడు. ఇత్తడి గిన్నెలో నువ్వుల నూనె పోసి ముందు పెట్టారు. మా నానమ్మ పిల్లనెత్తుకొని నాయిన భుజం వెనక నిలబడితే, ఆయన తల వంచి గిన్నెలోకి చూశాడు. "ఏం కనపడ్డది నాయినా?" అని చిన్నప్పుడు నేనడిగితే, "నూనె కదిలింది బిడ్డా, సరిగ్గ కనపడలె" అనేవాడు.

అప్పుడు నడుస్తున్నది 1966 ఉగాదితో మొదలైన పరాభవ నామ సంవత్సరం. ఈ మార్చి 19న ఉగాదికి మళ్లీ పరాభవే వచ్చింది. మా నల్లగొండ జిల్లా హాలియాలో పంచాంగ శ్రవణానికి కూర్చుని ఆ పేరు వినగానే నాకు అక్కే మనసులో మెదిలింది. ప్రభవ నుంచి అక్షయ దాకా సాగే అరవై ఏళ్ల చక్రం ఒక చుట్టు తిరిగి ఆమె పుట్టిన ఏటి దగ్గరికొచ్చింది.

ఇంకో చక్రం కూడా సరిగ్గా అక్కడికే వచ్చింది. ఉగాదికి నెల ముందు, ఫిబ్రవరి 17న, చైనా వాళ్ల కొత్త సంవత్సరం మొదలైంది. వాళ్లకు ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్, పాము, గుర్రం, మేక, కోతి, కోడి, కుక్క, పంది అని పన్నెండు జంతువులు. ఏడాదికొకటి. ఏ ఏట పుట్టినవాళ్లకు ఆ ఏటి జంతువు గుణం వస్తుందని నమ్మకం. ఎద్దు ఏట పుట్టినవాళ్లు ఓపికగా పనిచేస్తారు, ఎలుక ఏటివాళ్లు గింజ గింజ కూడబెడతారు, గుర్రం ఏటివాళ్లు ఒకచోట నిలవరు, ఒకరి మాట వినరు. ఈ పన్నెండింటికీ కట్టె, అగ్ని, మట్టి, లోహం, నీరు అనే ఐదు తత్త్వాలను కలిపితే వాళ్లకూ అరవై ఏళ్లే వస్తాయి. అగ్ని తత్త్వంతో గుర్రం కలిసే ఏడు అరవైలో ఒక్కటే. అది 1966. మళ్లీ 2026.

అంటే మా అక్క పరాభవలో పుట్టింది, మూలలో పుట్టింది, అగ్ని గుర్రం ఏట పుట్టింది. మూడోది ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. తెలియదు కనకనే నాకు దాని మీద ఇంత ఆలోచన.

అగ్ని గుర్రం ఏడంటే జపాన్‌లో పెద్ద భయం. ఆ ఏట పుట్టిన ఆడది మొండిదవుతుంది, మొగుడి ఆయుష్షు తింటుంది అని. ఆ భయానికి వాళ్లు ఓషిచి అనే అమ్మాయి కథ చెబుతారు. ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, కూరగాయల వ్యాపారి కూతురు. ఊరు తగలబడి ఒక గుడిలో తలదాచుకున్నప్పుడు అక్కడి కుర్రవాడిని ప్రేమించింది. మళ్లీ ఊరు తగలబడితే మళ్లీ అతన్ని చూడొచ్చని తానే నిప్పు పెట్టింది. 1683లో ఆమెను మంటల్లో కాల్చి చంపారు. ఆమె 1666లో, అగ్ని గుర్రం ఏట పుట్టిందని లోకం చెప్పుకుంది. పదహారేళ్ల పిల్ల కథ ఒకటి మూడు వందల ఏళ్లు లక్షల మంది ఆడపిల్లల మీద నీడలా పడింది.

ఎంతగా పడిందంటే, జపాన్‌లో 1965లో 18 లక్షల మందికి పైగా పిల్లలు పుట్టారు. 1966లో 13 లక్షల 60 వేల మంది. మరుసటి ఏడు 19 లక్షలు దాటారు. ఒక్క ఏడాది నాలుగో వంతు పిల్లలు తగ్గిపోయారు. యుద్ధం రాలేదు, కరువు రాలేదు, రోగం రాలేదు. ఒక మాట, అంతే. అంతకు ముందరి అగ్ని గుర్రం 1906. అప్పుడు పుట్టిన ఆడపిల్లలను కొందరు తల్లిదండ్రులు ముందటి ఏట పుట్టినట్టో తర్వాతి ఏట పుట్టినట్టో రాయించారట. ఇది చదివినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కకు సంబంధాలు వచ్చినప్పుడు మా అమ్మ కూడా "పిల్ల పుట్టిన గడియ సరిగ్గ యాదికి లేదు, పేరు మీద చూడుండ్రి" అని చెప్పేది. నిమిషాలతో సహా ఆమెకు గుర్తుంది.

ఇక్కడే నాకు ఒక విషయం తట్టింది, తట్టినప్పటి నుంచి వదలడం లేదు. అదే 1966లో హాలియా చుట్టుపక్కల ఎంతమంది ఆడపిల్లలు పుట్టి ఉంటారు! అనుములలో, పెద్దవూరలో, నిడమనూరులో, పేరులోనే గుర్రాన్ని పెట్టుకున్న గుర్రంపోడులో. వాళ్లలో ఒక్కరినీ ఎవరూ గుర్రమనలేదు. ఏ అత్తా అగ్ని గుర్రపు కోడలని జంకలేదు. వాళ్లు అందరిలాగే పెరిగారు, నాట్లు వేశారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, ముసలివాళ్లయ్యారు. పరాభవ అన్న పేరుకు ఓటమి, అవమానం అన్న అర్థాలున్నా, ఆ ఏట పుట్టినందుకు మనవాళ్లు ఎవరినీ తక్కువ చూడలేదు. మనకు ఏటితో పట్టింపు లేదు, నక్షత్రంతో పట్టింపు. అలాగే అదే ఏడు జపాన్‌లో మూల నక్షత్రంలో పుట్టిన పిల్లలు వేలల్లో ఉండి ఉంటారు. ఆకాశంలో చంద్రుడు ఇద్దరికీ ఒకచోటే ఉన్నాడు. అక్కడి తండ్రులు నూనె గిన్నెలు వెతకలేదు. బిడ్డను నేరుగా చేతుల్లోకి తీసుకున్నారు. ఆ గుణం గుర్రంలోనూ నక్షత్రంలోనూ ఉంటే రెండు దేశాల్లోనూ కనిపించాలి కదా. అది వినే చెవి ఉన్నచోటే పుడుతున్నది.

మనకు జంతువులు లేవనుకోకండి. 27 నక్షత్రాలకు యోనులని పద్నాలుగు జంతువులున్నాయి. అశ్వని, శతభిషాలకు గుర్రం. భరణి, రేవతులకు ఏనుగు. రోహిణి, మృగశిరలకు పాము. మఖ, పుబ్బలకు ఎలుక. చిత్త, విశాఖలకు పులి. ఆరుద్ర, మూలలకు కుక్క. పెళ్లి పొంతనలో ముప్పై ఆరు గుణాలు చూస్తారే, అందులో నాలుగు వీటివి. ఆవుకు పులి, పాముకు ముంగిస, పిల్లికి ఎలుక, లేడికి కుక్క, ఏనుగుకు సింహం, గుర్రానికి దున్న, కోతికి మేక పగ. చైనా వాళ్ల లెక్కలో ఎలుకకు గుర్రం పగ, కుందేలుకు కోడి పగ. చక్రంలో ఒకదానికొకటి ఎదురుగా ఉన్నవి పగ అన్నమాట. మన పట్టిక మాత్రం పెరట్లోనూ అడవి అంచునా నిలబడి చూసినవాడు రాసినట్టుంటుంది. ముంగిస పామును పట్టడం చూశాడు, గుర్రాన్నీ దున్ననూ ఒక కాడికి కట్టలేమని చూశాడు. నాగార్జునసాగరు అవతలి నల్లమలలో ఇప్పటికీ పులులున్నాయి. ఆ చూపు మీద నాకు గౌరవం ఉంది. జంతువును అంత శ్రద్ధగా చూసినవాడు పక్కన పెరుగుతున్న పిల్లను కూడా అంతే శ్రద్ధగా చూసి ఉంటే బాగుండేదని నా బాధ.

ఈ ఇద్దరి లెక్కల్లోనూ బృహస్పతి ఉన్నాడు. ఆకాశం చుట్టి రావడానికి గురుడికి దాదాపు పన్నెండేళ్లు పడుతుంది. ఐదు చుట్లు అరవై. మనకు పన్నెండేళ్లంటే పుష్కరం. గురుడు కన్యారాశిలోకి వస్తే కృష్ణా పుష్కరాలు. 1992, 2004, 2016. ఆ మూడు ఏళ్లూ చైనా వాళ్లకు కోతి ఏళ్లు. మనం వాడపల్లిలోనో సాగరులోనో మునిగి లేస్తున్నప్పుడు అక్కడ పుట్టిన పిల్లలను చురుకైనవాళ్లని మురిపెంగా చెప్పుకుంటున్నారు. రెండు దేశాల మధ్య మాట కలవడం ఇప్పటిది కూడా కాదు. హాలియాలో బస్సెక్కి సాగరుకు పోయి, అక్కడ పడవెక్కితే చేరే నాగార్జునకొండలో, ఇక్ష్వాకుల కాలంలో బోధిసిరి అనే ఉపాసిక ఒక శాసనం వేయించింది. అందులో కాశ్మీరం, గాంధారంతో పాటు చీన అన్న పేరుంది. ఆ ఇక్ష్వాకుల శాసనాల్లోనే 'విజయ' అన్న సంవత్సరం పేరు కూడా కనిపిస్తుంది. మన అరవై పేర్లలో ఒకటి, పదిహేడు వందల ఏళ్ల కింద, మన కృష్ణ ఒడ్డున రాతి మీద.

సరే, అక్క పెళ్లి మాట చెప్పాలి. మూల నక్షత్రపు కోడలు వస్తే మామకు ఆపద. ఆశ్లేష అయితే అత్తకు, జ్యేష్ఠ అయితే పెద్ద బావకు, విశాఖ అయితే మరిదికి. ఇవన్నీ ఆడపిల్లలకే. ఏ అల్లుడి నక్షత్రం వల్లా ఏ అత్తగారూ పోయిందని నేను వినలేదు. నాలుగు సంబంధాలు గడప దాకా వచ్చి తిరిగిపోయాయి. ఐదోసారి వచ్చిన పెద్దమనిషి మా నానమ్మను పక్కకు పిలిచి, "మామ లేని ఇల్లు చూడరాదమ్మా" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. చివరికి అలాంటి ఇల్లే దొరికింది. తండ్రి పోయి ఐదేళ్లయిన ఇంటికి, మా అక్క చనిపోయినవాడి పుణ్యాన కోడలై వెళ్లింది.

నేను పుట్టిన నక్షత్రం ఏదో ఎవరూ రాసి పెట్టలేదు. రెండో కాన్పు, వానాకాలం, నాట్ల హడావుడి. నాకు తాత పేరు పెట్టారు. యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కుకుంటే పుట్టినవాడు మా తాత. తర్వాత నా పేరులోని మొదటి అక్షరం చూసి, నో, యా, యీ, యూ అంటే జ్యేష్ఠ కనక నాది జ్యేష్ఠ నక్షత్రం, వృశ్చిక రాశి అన్నారు. ఆ రకంగా చూస్తే నల్లగొండ జిల్లాలోని యాదగిరులు, యాదయ్యలు, యాదమ్మలు అందరిదీ జ్యేష్ఠే. అందరిదీ రాక్షస గణమే, అందరిదీ లేడి యోనే. ఒక దేవుడి మీద ప్రేమతో పెట్టుకున్న పేరు ఇన్ని వేల మందికి ఒకే స్వభావం ఎలా ఇస్తుంది? నేను ఎరిగిన యాదయ్యలలో ఒకడు కోపిష్టి, ఒకడు గొడ్డు ఈనితే రాత్రంతా పక్కన కూర్చునేవాడు, ఒకడు ముంబై పోయి తిరిగి రానివాడు. బడిలో మాస్టారు నాకు ఇంకో పుట్టినరోజు రాశారు, జూన్ 1. మా తరగతిలో సగం మందిమి ఆ రోజే పుట్టాం.

కానీ మా ఊళ్లల్లో అసలైన జాతకం వేరే ఉంది. ముసలివాళ్లను ఎప్పుడు పుట్టావని అడిగితే తేదీ చెప్పరు, "కాలువ తవ్వేటప్పుడు" అంటారు, "నీళ్లొచ్చిన యేడు" అంటారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగరుకు పునాది రాయి వేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. ఆ పన్నెండేళ్లు ఈ నేల మీద పుట్టిన పిల్లలంతా మట్టి తట్టల చప్పుడులో పుట్టారు. పాలమూరు నుంచి వచ్చిన కూలీల గుడిసెల్లోనూ పిల్లలు పుట్టారు. వాళ్ల నక్షత్రం ఎవరు చూశారు? తల్లి నాలుగో రోజుకే తట్ట ఎత్తింది.

అక్క నీళ్లు రాకముందు పుట్టింది. అప్పుడు మావన్నీ చెల్కలే. జొన్నలు, సజ్జలు, ఆముదాలు. ఆమె మొదటి ముద్ద జొన్న గటక. నేను పుట్టింది కాలువ కింద మొదటి వరి కోసిన తర్వాత. నా మొదటి ముద్ద బియ్యం బువ్వ, మీద ఇంత నెయ్యి. రెండేళ్ల తేడా. "నీళ్లతోని వచ్చినోడు" అని నన్ను ఊరంతా ఎత్తుకుంది. విత్తనం వేసేటప్పుడు మొదటి గింజ నా చేత వేయించేవాళ్లు. బోరు వేసినా నన్నే నిలబెట్టేవాళ్లు. ఇరవై ఏళ్లొచ్చేసరికి ఏ పని మొదలుపెట్టినా జరుగుతుందన్న ధైర్యం నాకు ఒంట్లో రక్తంలా ఉండేది. ఆ ధైర్యం నాకు ఎవరిచ్చారో ఇప్పుడు తెలుసు. ఇలా పుట్టిన ఏడు మనిషి మీద ముద్ర వేస్తుందన్న మాట నేను కొట్టిపారేయలేను. కరువు ఏట పుట్టినవాళ్లు కంచంలో మెతుకు వదలకపోవడం నేను చూశాను. ఇదే జిల్లాలో మర్రిగూడ వైపు ఊళ్లలో ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిపోయినవాళ్లనూ చూశాను. వాళ్ల తలరాత రాసింది బావి. ఏడుకూ చోటుకూ బలముంది. ఆ బలం తినే ముద్దలోంచి, తాగే నీళ్లలోంచి, చెవిన పడే మాటలోంచి వస్తుంది.

చెవిన పడే మాట సంగతి నాకు పూర్తిగా అర్థమైంది నాయిన పోయాకే. ఆయన 79 ఏళ్లు బతికాడు. మొదటి పాదం గండం ఆయన్ను ఏమీ చేయలేదు. పదకొండో రోజు పనులన్నీ అయ్యి చుట్టాలు వెళ్లిపోయాక, అక్కా నేనూ వాకిట్లో మంచం మీద కూర్చున్నాం. ఎవరో అన్న మాట గుర్తొచ్చి నేను అడిగాను, "అక్కా, చిన్నప్పుడు నువ్వు నాయిన మొఖం కూడ చూడకపోయేదానివంట గదా. అంత మొండిదానివా?"

అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది.

ఆమెకు నాలుగేళ్లప్పుడు ఆముదాల బస్తాలతో వస్తున్న బండి బోల్తా పడి నాయిన కాలు విరిగింది. "మూల పిల్ల ఇంట్ల ఉన్నంక ఇట్లనే అయితది" అని మా మేనత్త వంటింట్లో ఎవరితోనో అంది. అక్క గుమ్మి పక్కన ఆడుకుంటూ వింది. "అప్పటిసంది పొద్దుగాల నాయిన పొలానికి పోయేటప్పుడు గుమ్మి ఎనక దాసుకునేదాన్నిరా. నా మొఖం ఎదురొస్తే ఏమన్నైతదేమో అని భయం. ఆయన ఎడ్లను ఇప్పి వాకిలి దాటినంక బయటికొచ్చేదాన్ని. పిలిస్తే పలకపోయేదాన్ని. మొండిది, మొండిది అనేటోళ్లు. ఆ పేరే మంచిగుండె నాకు. మొండిదంటే ఊకుంటరు, ఎందుకు దాసుకున్నవని అడగరు."

"నాయినకు తెలుసా?"

"ఎట్ల తెలుస్తది. నేనంటే ఇష్టం లేదనుకున్నడేమో."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక పిల్ల తండ్రి మీద ప్రేమతో దాక్కున్న చోటును ఊరంతా ఆమె స్వభావమంది. నక్షత్రం చెప్పినట్టే జరిగిందని కూడా అనుకుని ఉంటారు. పన్నెండు జంతువుల గుణాలు రాసినవాళ్లూ, నక్షత్ర ఫలాలు రాసినవాళ్లూ ఆ గుమ్మి వెనక్కి వచ్చి చూడలేరు కదా. చూడగలిగింది ఇంట్లోవాళ్లు. ఇంట్లోవాళ్లకు ముందే పేరు దొరికింది, ఇంక చూడాల్సిన అవసరం లేకపోయింది.

అత్తగారింట్లో మాత్రం మామ లేడు కనక అక్క ఎవరి కంటా పడకుండా దాక్కోలేదు. పక్షవాతంతో మంచం పట్టిన అత్తకు తొమ్మిదేళ్లు గటక కాచి తాగించింది, ఒళ్లు తుడిచింది. ఆ ముసలామె చివరి రోజుల్లో అక్కను తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. కుక్క యోని వాళ్లకు విశ్వాసం ఎక్కువని ఒక పుస్తకంలో చూశాను. మూల అంటే వేరు కాబట్టి మొదలంటా పెకిలిస్తారని ఇంకో పుస్తకంలో ఉంది. గుర్రం ఏటివాళ్లు కట్టుకు నిలవరని మూడోదాంట్లో. ఈ మూడింటిలో ఏది మా అక్కని అడిగితే నేను ఆమె చేతులు చూపిస్తాను.

ఈ ఏడు అక్క కూతురికి మొదటి కాన్పు. నెలలు నిండుతుండగా అల్లుడి తరఫువాళ్లు పంతులు దగ్గర రాయించుకొచ్చిన చీటీ తెచ్చారు. ఫలానా రోజు, ఫలానా గంట లోపల ఆపరేషన్ అయితే మంచి నక్షత్రం, మంచి లగ్నం. ఇది ఇప్పుడు మామూలయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలో అన్ని రాష్ట్రాల కన్నా ఎక్కువ. దానికి కారణాలు చాలా ఉన్నాయి, ముహూర్తం వాటిలో ఒకటని డాక్టర్లే చెబుతున్నారు. ఒకప్పుడు నక్షత్రం వచ్చి పిల్లను పట్టుకునేది. ఇప్పుడు నక్షత్రం కోసం పిల్లను కోసి తీస్తున్నాం. తైవాన్‌లో, సింగపూర్‌లో ఒకప్పుడు డ్రాగన్ ఏడు వస్తే కాన్పులు పెరిగేవి, అదీ ఇలాంటిదే. జపాన్‌లో మాట పిల్లలను తగ్గించింది, అక్కడ పెంచింది.

అక్క ఆ చీటీని చదివి మడిచి కొంగుకు ముడేసుకుంది. "డాక్టరమ్మ కొయ్యాల్నంటే కొయ్యనీయుండ్రి. లేకుంటే ఆ పిల్ల ఎప్పుడు రావాల్నో అప్పుడే వస్తది" అంది. గట్టిగా అనలేదు. వియ్యపురాలు ఇంకేదో అనబోతే, "నేను పరాభవల పుట్టిన వదినా, నాకు ఇవన్ని ఎరుకే" అంది. ఆమె నోట ఆ మాట నేను వినడం అదే మొదలు.

పాప తెల్లవారుజామున పుట్టింది, కోత లేకుండానే. నేను ఆస్పత్రికి వెళ్లేసరికి అల్లుడు వరండాలో బెంచీ మీద కూర్చుని, ఫోన్‌లో వాళ్ల అమ్మకు పుట్టిన టైము చెబుతున్నాడు. అవతల ఆమె పంచాంగం తిప్పుతున్నట్టుంది, అతను ఆగి ఆగి మాట్లాడుతున్నాడు. అక్క లోపలి నుంచి పాత చీర ముక్కలో చుట్టిన పాపను తెచ్చింది. అల్లుడు లేచి నిలబడ్డాడు. ఒక చేతిలో ఫోన్ అలాగే ఉంది.

"అది అవతల పెట్టు నాయినా" అంది అక్క. పాపను అతని రెండు చేతుల్లో పెట్టి, వరండాలో ట్యూబులైటు కిందికి భుజం పట్టి నడిపించింది. ముఖం మీది గుడ్డను వేలితో పక్కకు తీసింది.

"మంచిగ చూడు" అంది.